హీ అంటే ఎవరు

ఇంగ్లీషు దొరలు ఈ దేశం వదిలిపెట్టి ఎందుకు పోయారని ఎవరైనా అడిగితే చరిత్ర పుస్తకంలో ఉన్నది చెప్పకండి. అసలు కారణం మా తాత. రేపల్లె తాలూకాలో ఏసుపాదం అనే ఇరవై ఏడేళ్ళ కుర్ర మేస్టరు ఒకడు తయారయ్యాడనీ, కామా జారిపోయినా పట్టుకుంటున్నాడనీ, ఇవాళ పిల్లల కాపీ పుస్తకాలు దిద్దేవాడు రేపు గవర్నరు గారి ఉత్తర్వులు దిద్దుతాడనీ వాళ్ళకు కబురు తెలిసింది. పరువుండగానే ఓడ ఎక్కడం మేలనుకున్నారు. సాక్ష్యం కావాలంటే మా నాయనమ్మ కాంతమ్మ ఉంది. "అంత పనీ చేసేవాడే మీ తాత" అంటుంది.

దొరలు తప్పించుకున్నారు. ఇంగ్లీషు చేతికి చిక్కింది తాత ఒక్కడే.

ఏసుపాదం తండ్రి రేపల్లె చుట్టుపక్కల పొలాల్లో కూలిపని చేసేవాడు. కొడుకు లూథరన్ మిషను బడిలో చదివి, ట్రైనింగు అయి, పగలు పిల్లలకు పాఠాలు చెబుతూ బి.ఏ.కి ప్రైవేటుగా కట్టాడు. మూడోసారికి ప్యాసయ్యాడు. మొదటి రెండుసార్లూ పోయింది తెలుగులో. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఆ పూట భోజనం దగ్గర మాటలుండవు.

1957లో రేపల్లెలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు మేస్టరుగా చేరాడు. చేరడమంటే టెంపరరీ. ఏప్రిల్లో తీసేసేవాళ్ళు, జూన్లో మళ్ళీ వేసుకునేవాళ్ళు. హెడ్మాస్టరు గదిలో మేస్టర్ల పేర్ల బోర్డు ఒకటి ఉండేది. పర్మనెంటు వాళ్ళ పేర్లు దాని మీద తెల్ల రంగుతో రాయించారు. ఏసుపాదం పేరు అన్నిటికన్నా కింద, సుద్దముక్కతో. ఎండాకాలం సెలవుల్లో గది శుభ్రం చేసేవాళ్ళ గుడ్డకు ఆ ఒక్క పేరే పోయేది. తొమ్మిదేళ్ళపాటు ప్రతి జూన్లోనూ తన పేరు తనే మళ్ళీ రాసుకున్నాడు, గుండ్రటి అక్షరాలతో, బి.ఏ. తర్వాత చుక్క మరిచిపోకుండా. 1966 జూన్లో పర్మనెంటు చేస్తామని స్కూలు కమిటీ మాటిచ్చింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ కాంతమ్మ పేరుకి ఆ తెల్ల రంగు బడి తెరవకముందే పూస్తారా, తెరిచాక పూస్తారా అని అడుగుతూనే ఉంది.

అన్ని భాషలుండగా ఇంగ్లీషు మీద ఆయనకంత మోజెందుకో స్టాఫు రూము చూసినవాళ్ళకు తెలుసు. హెడ్మాస్టరు ప్రకాశరావు పొలాలూ మిల్లూ ఉన్న ఇంటి మనిషి. తక్కిన మేస్టర్లందరినీ గారు అని పిలిచేవాడు. ఏసుపాదాన్ని మాత్రం "ఏసుపాదం, ఇటు రా" అనేవాడు. ఏసుపాదం "వస్తున్నానండి" అంటూ లేచేవాడు. తెలుగులో నువ్వుంది, మీరుంది. ఆయన ఉన్నాడు, అతను ఉన్నాడు, వాడు ఉన్నాడు. నోరు తెరిస్తే చాలు, ఎవరు ఏ పేటవాడో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో యూ ఒక్కటే, హీ ఒక్కటే. కలెక్టరూ హీనే, కావలివాడూ హీనే. అందుకని ఏసుపాదం సందు దొరికినప్పుడల్లా హెడ్మాస్టరుతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. యూ అన్నప్పుడు కొంచెం ఒత్తి పలికేవాడని నా అనుమానం. ప్రకాశరావుకి ఇంగ్లీషు అంతంత మాత్రం కాబట్టి తెలుగులోనే జవాబు చెప్పేవాడు. "సరే, సరే. నువ్వు వెళ్ళి క్లాసు చూసుకో."

క్లాసులో పిల్లలకు అన్నిటికన్నా కొరుకుడుపడని పాఠం, ఒకరి మాటను ఇంకొకరు చెప్పడం. డైరెక్టు, ఇన్‌డైరెక్టు. దీన్ని చెప్పడంలో గుంటూరు జిల్లాలో తన తర్వాతే ఎవరైనా అని ఏసుపాదం నమ్మకం.

"తెలుగువాడు మర్యాదస్తుడురా" అని మొదలుపెట్టేవాడు. "ఎవరి మాట వాళ్ళ నోట్లోనే ఉంచుతాడు. వెనకాల అని అనే ముక్క తగిలించి పక్కకు తప్పుకుంటాడు. సుందరయ్య నేను వస్తాను అని అన్నాడు. ఆ నేను ఎవరు?"

"సుందరయ్యేనండి."

"ఇంగ్లీషువాడికి అంత ఓపిక లేదు. సుందరయ్య మాట తన నోట్లో వేసుకుని, నమిలి, నేనుని అతను చేసి, ఇవాళని నిన్న చేసి, అప్పుడు ఊస్తాడు. ఇప్పుడు చెప్పండి."

పిల్లలు లేచి, సుందరయ్య సెడ్ దట్ ఐ విల్ కమ్ అనేవాళ్ళు. రేపల్లె నుంచి చీరాల దాకా ఏ పిల్లాణ్ణి లేపినా ఇదే తప్పు. నోట్లో తెలుగు అని అనే ముక్క అలాగే ఉంటుంది, పైన ఇంగ్లీషు దట్ వచ్చి కూర్చుంటుంది.

"అయితే నువ్వొస్తావేంట్రా? సుందరయ్య రాడా?" అంటూ ఏసుపాదం చెవి మెలిపెట్టేవాడు. ఆ చెవులు రేపల్లెలో ఇంకా కొన్ని ఉన్నాయి. అన్నీ కుడి చెవులే.

1966 మార్చిలో ఎస్సెల్సీ పరీక్షలు వచ్చాయి. ప్రశ్నపత్రాలు లక్క సీలు వేసిన కవర్లలో హెడ్మాస్టరు బీరువాలో ఉండేవి. ఇంగ్లీషు మొదటి పేపరు రోజు పొద్దున్నే ప్రకాశరావు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. మొదటి పేపరు కవరనుకుని, మర్నాటి రెండో పేపరు కవరు చింపాడు. ఆ సమయానికి గదిలో అటెండరు చిన్నయ్య ఉన్నాడు. సుద్దముక్కలకని ఏసుపాదం అప్పుడే లోపలికి వచ్చాడు.

"ఏసుపాదం, నేను చూసుకోకుండా రెండో పేపరు కవరు విప్పాను. నోరు మెదపకు" అన్నాడు ప్రకాశరావు. చిన్నయ్య చేత కొవ్వొత్తీ లక్కా తెప్పించి మళ్ళీ అతికించాడు. ఆ అతుకు గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది.

నిజానికి ఎవరూ పేపరు చూడలేదు, ఎవరికీ లాభం కలగలేదు. కానీ పరీక్షలైన వారానికి పైవాళ్ళకు ఆకాశరామన్న ఉత్తరం ఒకటి వెళ్ళింది. విచారణకు ఒక ఆఫీసరు బాపట్ల వచ్చి ట్రావెలర్స్ బంగళాలో కాంపు వేశాడు. హెడ్మాస్టరునూ, ఏసుపాదాన్నీ, చిన్నయ్యనూ రమ్మని కబురొచ్చింది.

ముగ్గురూ ఒకే రైల్లో బయలుదేరారు. తెనాలిలో దిగి బాపట్ల బండి ఎక్కాలి. ప్రకాశరావు వేరే పెట్టెలో కూర్చున్నాడు. చిన్నయ్య దారిపొడుగునా వణికిపోతూనే ఉన్నాడు. నలుగురు పిల్లలు. అటెండరు ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. ఆదివారం గుడిలో ఏసుపాదం పక్క బల్ల మీద కూర్చునే మనిషి.

"నన్నేం అడుగుతారంటారు మేస్టారూ?"

"ఏం చూశావు, ఏం విన్నావు అని అడుగుతారు. విన్నది విన్నట్టు చెప్పు."

"నా మాటల్లో చెప్పాలా, ఆయన మాటల్లో చెప్పాలా?"

"ఆయన మాటే చెప్పు. వెనకాల అని అను. చాలు."

చిన్నయ్య తెనాలి నుంచి బాపట్ల దాకా అదే వల్లించుకున్నాడు.

బంగళా వరండాలో గుమాస్తా ఒకడు బల్ల వేసుకుని వాంగ్మూలాలు రాస్తున్నాడు. ఎవరో కాదు, రామకృష్ణ. ఏడెనిమిదేళ్ళ కిందట ఏసుపాదం దగ్గర చదువుకున్నవాడే, కుడి చెవి సాక్షిగా. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆఫీసరు లోపల భోజనం చేస్తున్నాడు. ఎవరు ఏం చెప్పినా రామకృష్ణ ఇంగ్లీషులో రాసి లోపలికి పంపాలి, ఆఫీసరు గుంటూరు వెళ్ళాక తీరిగ్గా చదువుకుంటాడు.

ప్రకాశరావు, కవరు తాను విప్పలేదనీ, తాను చూసేసరికే విప్పి ఉందనీ చెప్పి చెట్టు కింద పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. ఏసుపాదం, హెడ్మాస్టరే విప్పానని తనతో అన్నాడని చెప్పాడు. ఒకరి మాటకు ఒకరి మాట చెల్లు. మిగిలింది చిన్నయ్య.

చిన్నయ్య తలపాగా చేతిలో పట్టుకుని గడగడా చెప్పేశాడు. "హెడ్మాస్టరు గారు ఏసుపాదం మేస్టారితో, నేను కవరు విప్పాను అని అన్నారండి."

తెలుగులో ఇందులో వంక పెట్టడానికేముంది. రామకృష్ణ రాసుకున్నాడు. రాసింది పైకి చదివి వినిపించాలని రూలు కాబట్టి చదివాడు. "ది హెడ్మాస్టర్ టోల్డ్ ఏసుపాదం మాస్టర్ దట్ ఐ ఓపెన్డ్ ది కవర్." చిన్నయ్య అర్థమైనట్టు తలూపి బొటనవేలు ముందుకు చాపాడు. వేలిముద్ర పడింది.

బెంచీ మీద కూర్చున్న ఏసుపాదం లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏరా రామకృష్ణా, కవరు విప్పిందెవరు?"

"హెడ్మాస్టరు గారని చెప్తున్నాడు కదండి."

"మరి నువ్వు రాసిన ఐ ఎవరు?"

"హెడ్మాస్టరు గారేనండి. నేను విప్పాను అని అన్నది ఆయనేగా."

"ఈ కాగితం మీద ఏలిముద్ర ఎవరిది?"

రామకృష్ణ కాగితం చూశాడు, చిన్నయ్యను చూశాడు. అతని చెయ్యి దానంతటదే కుడి చెవి మీదికి పోయింది.

"ఐ అంటే చిన్నయ్య అవుతాడు. పదేళ్ళు చదివి ఇదేనా నువ్వు నేర్చుకున్నది? నా పేరు చెప్పుకుని ఉద్యోగం కూడా చేస్తున్నావు. ఇలా తే కలం."

రామకృష్ణ కలం ఇచ్చాడు. ఇవ్వకూడదని అతనికి తోచలేదు. మేస్టారు అడిగితే ఇచ్చే అలవాటు. ఏసుపాదం ఐ మీద గీత కొట్టి హీ అని రాశాడు. ఓపెన్డ్ ముందు హ్యాడ్ చేర్చాడు. ఎర్ర సిరా అయితే ఇంకా బాగుండేదని అనుకున్నాడేమో కూడా. వెనక్కి వాలి, దిద్దిన వాక్యాన్ని దూరం నుంచి ఒకసారి చూసుకున్నాడు.

"సార్, హీ పక్కన బ్రాకెట్లో హెడ్మాస్టర్ అని రాద్దామాండి?" అన్నాడు రామకృష్ణ.

"బ్రాకెట్ గ్రామరు రానివాడికి చేతికర్ర. టోల్డ్ అన్నదెవరు? హెడ్మాస్టరు. హీ ఎవరు? ఆయనే. చదివేవాడు చదువుకున్నవాడురా, నీలాంటివాడు కాదు."

ఆ బల్ల దగ్గర ఆ రోజు సరిగ్గా ఆలోచించినవాడు రామకృష్ణ ఒక్కడే. కానీ అతనికి గ్రామరు రాదని అప్పటికే తేలిపోయింది.

జూన్లో ఆర్డరు వచ్చింది. రంగు డబ్బా రాలేదు. హెడ్మాస్టరు ఏసుపాదంతో, అతను కవరు విప్పాడని చెప్పినట్టు సాక్షి చిన్నయ్య వాంగ్మూలం ఉంది కాబట్టి, ఆ అతను ఏసుపాదమే అని ఆఫీసరు తేల్చాడు. పైగా సాక్షి చెప్పిన కాగితాన్ని ఏసుపాదం సొంత చేతిరాతతో మార్చాడని గుమాస్తా ఒప్పుకున్నాడు. టెంపరరీ మనిషి కాబట్టి తీసేయడానికి రెండు వాక్యాలు సరిపోయాయి. ఆ రెండు వాక్యాల్లోనూ మూడు తప్పులున్నాయని ఏసుపాదం లెక్క.

తెలుగులో రాసి ఉంటే ఆయన విప్పారు అని ఉండేది, ఎవరో పసిపిల్లాడికైనా తెలిసేది. ఏసుపాదం విషయమైతే అతను అనేవాళ్ళు, లేదా వాడు. ఇంగ్లీషులో ఇద్దరూ హీలే. ప్రకాశరావుతో ఏసుపాదాన్ని ఎవరైనా సమానంగా నిలబెట్టారంటే ఆ ఒక్క కాగితం మీదే.

ఆర్డరు పట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి ఆయనతో పూర్తిగా తెలుగులో మాట్లాడాడు.

"కవరు విప్పింది మీరండి. మీకు తెలుసు, నాకు తెలుసు."

ప్రకాశరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇంగ్లీషులో నువ్వు నాకంటే పెద్దవాడివి కదా. హీ అంటే ఎవరో నువ్వే చెప్పాలి" అన్నాడు. తర్వాత కొంచెం మెత్తబడి, "ఏప్రిల్లో తీసేస్తే జూన్లో వస్తావు కదా, ఇదీ అట్లాంటిదే అనుకో. తెనాలిలో ఎక్కడైనా చూసుకో" అన్నాడు.

ఏసుపాదం అప్పీలు రాశాడు. ఒకటి కాదు, ఏడు. ఒక్కొక్కటి నాలుగేసి పేజీలు. సర్వనామం తనకు ముందున్న ఏ నామాన్ని పట్టుకుంటుంది అనే విషయం మీద గుంటూరు జిల్లాలో అంత చక్కటి ఇంగ్లీషు అంతకు ముందు ఎవరూ రాసి ఉండరు. "తెలుగులో రాయరాదూ, వాళ్ళకు అర్థమవుద్ది" అంది కాంతమ్మ. "తెలుగులో రాస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టే" అన్నాడు. ఆరింటికి జవాబు రాలేదు. ఏడోదానికి, సాక్షిని మరోసారి అడుగుతామని వచ్చింది.

అడిగారు. ఈసారి ప్రకాశరావు గదిలోనే అడిగారు. చిన్నయ్య తలపాగా చేతిలో పట్టుకుని, "నాకు ఇంగ్లీషు రాదండి. కాయితంలో ఏముంటే అదేనండి" అన్నాడు.

సాయంత్రం ఏసుపాదం ఇంటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. "పిల్లలు గలోణ్ణి మేస్టారూ" అన్నాడు. ఏసుపాదం తలుపు వెయ్యలేదు, రమ్మనీ అనలేదు. కాంతమ్మే మంచినీళ్ళ చెంబు ఇచ్చి పంపించింది.

ఆ తర్వాత తెనాలి. మారీసుపేటలో ఒక బియ్యం కొట్టు మీది గదిలో ట్యుటోరియల్ కాలేజి. అక్కడికి వచ్చేవాళ్ళందరూ పరీక్ష తప్పినవాళ్ళు. అంగలకుదురు నుంచి సైకిళ్ళ మీద వచ్చే పెద్ద పెద్ద మీసాల పిల్లలు. వాళ్ళకు గ్రామరు వద్దు, ప్యాసు మార్కులు కావాలి. గైడు పుస్తకంలో ఎన్ని వాక్యాలు బట్టీ పడితే గట్టెక్కుతామో చెప్పమనేవాళ్ళు. కింద బస్తాలు దింపే చప్పుడు, పైన ఏసుపాదం సిన్స్‌కీ ఫర్‌కీ తేడా చెప్పడం. ఎండాకాలంలో ధాన్యం దుమ్ము మెట్ల మీదుగా వచ్చి బోర్డు మీద వాలేది. ఇక్కడ ఎవరి పేరూ బోర్డు మీద ఉండేది కాదు. రంగూ లేదు, సుద్దా లేదు.

ఇన్‌డైరెక్టు పాఠం రోజున మాత్రం ఆయన ఏటా ఒక పని చేసేవాడు. తను దిద్దిన ఆ వాక్యం, హెడ్మాస్టరు, మాస్టరు, హీ, కవరు, అంతా బోర్డు మీద రాసి, "కవరు విప్పింది ఎవరు? చేతులెత్తండి" అనేవాడు. ఎందుకు అడుగుతున్నాడో పిల్లలకు తెలియదు. 1968లో హెడ్మాస్టరుకి పద్నాలుగు చేతులు, మాస్టరుకి ఇరవై రెండు. 1971లో హెడ్మాస్టరుకి పదకొండు, మాస్టరుకి ఇరవై తొమ్మిది. ఒక ఏడు బాగా దగ్గరకు వచ్చింది, ఒక్క చెయ్యి తేడా. అది కూడా మాస్టరు మీదకే. ఆయన లెక్కపెట్టి, వాక్యం తుడిచేసి, తర్వాతి పాఠంలోకి వెళ్ళేవాడు. ఒకసారి ఒక పిల్లాడు లేచి, "ఇంతకీ కరెక్టు ఆన్సరు ఏంటండి?" అన్నాడట. "రెండూ కరెక్టే, కూర్చో" అన్నాడట.

ఇంట్లో ఈ కథ వేరే విధంగా నడిచింది. నడిపింది కాంతమ్మ. ఆ కాగితం అలాగే పోయి ఉంటే నేరం చిన్నయ్య నెత్తిన పడేదనీ, ఏలిముద్ర వేసిన పాపానికి నలుగురు పిల్లలతో రోడ్డున పడేవాడనీ, మీ తాత చూస్తూ ఊరుకోలేక తన ఉద్యోగం పణంగా పెట్టి దిద్దాడనీ చెప్పేది. బియ్యం కొట్టు మెట్లు ఎక్కలేక తాత ఆయాసపడిన రోజు చెప్పేది. పక్కింటివాళ్ళు ఫలానా మేస్టారికి పెన్షన్ వస్తోందని చెప్పిన రోజు చెప్పేది. పన్నెండేళ్ళు ఆ ఒక్క మాట మీద ఆవిడ ఇల్లు నడిపింది. తాత అవుననలేదు, కాదనలేదు. పేపరులో తప్పులు వెతుక్కుంటూ కూర్చునేవాడు.

1978లో చిన్నయ్య పోయాడు. కబురు రాగానే తాతా, నాయనమ్మా, నేనూ రేపల్లె వెళ్ళాం. గుళ్ళో పాస్టరు గారు, చనిపోయినవాడి గురించి రెండు మాటలు చెప్పి, ఏసుపాదం మేస్టారి గురించి ఇరవై చెప్పాడు. సహోదరుడి కోసం తన బతుకుతెరువు వదులుకున్న మనిషి మన మధ్య కూర్చుని ఉన్నాడన్నాడు. జనమంతా వెనక్కి తిరిగి చూశారు. చిన్నయ్య కొడుకులు నలుగురూ వచ్చి తాత కాళ్ళకు దణ్ణం పెట్టారు. పెద్దవాడు అదే స్కూల్లో తండ్రి ఉద్యోగంలో ఉన్నాడు. కాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంత సంతోషంగా ఏడవడం ఆవిడను నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం పాసింజరులో తెనాలికి తిరిగొస్తున్నాం. కిటికీ పక్కన తాత, ఎదురుగా నాయనమ్మ, మధ్యలో వేరుశనక్కాయల పొట్లం. నాయనమ్మ పాస్టరు గారి మాటలు మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చెబుతోంది. తాత కిటికీలోంచి చూస్తున్నాడు. టెన్త్‌లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పిన మనవరాలికి ఆ ఇంట్లో నోరెత్తే హక్కు లేదు. అయినా అడిగాను.

"తాతా, ఆ రోజు కలం చేతిలోకి తీసుకున్నప్పుడు చిన్నయ్య తాతా, ఆయన పిల్లలూ గుర్తొచ్చారు కదా నీకు? అందుకేగా దిద్దావు?"

నాయనమ్మ వేరుశనక్కాయ ఒలవడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది.

"చిన్నయ్యా గుర్తు రాలేదు, వాడి పిల్లలూ గుర్తు రాలేదే. అక్కడ తప్పుంది. దిద్దాను."